మా ఇంట్లో తెలుగు మొదలైంది

శనివారం పొద్దున్న ఎండెక్కేలోపు సొరపాదుకి మందు కొట్టేసి, పదింటికి ఇడ్లీ తిని, మధ్యాహ్నం కూర్చుని మర్నాటి తెలుగు తరగతికి అక్షరాల కాగితాలు సిద్ధం చేసుకోవాలని రేణు అనుకుంది. ఇందులో ఎవరికీ అన్యాయం చేసే ఆలోచన లేదు. ఎవరినీ ఒక్క మాట అనే ఉద్దేశం కూడా లేదు. అయినా మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అమెరికాలోని ఆ క్యారీ ఊళ్ళో ఆవిడని తెలుగు ద్రోహి అన్నారు.

ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం కమ్యూనిటీ సెంటర్‌లో నాలుగో నంబరు గదిలో ముప్పై మంది పిల్లలకి జీతం లేకుండా తెలుగు చెబుతున్న మనిషి రేణు. ఆ తరగతి అంటే ఆవిడకి ప్రాణం. వేసవి సెలవుల తర్వాత మళ్ళీ మొదలయ్యేది మర్నాడే. తరగతి తర్వాత ఆవిడకి అంత ఇష్టమైనది పెరట్లోని సొరపాదు. ఆ పాదు ఆకుల మీద ఆ వారం ఎవరో పిండి చల్లినట్టు తెల్లటి బూడిద కనిపించింది. బూడిద తెగులు.

అది ఎక్కడినుంచి వచ్చిందో రేణుకి బాగా తెలుసు. వెనకింటి అవినాష్‌గారి పందిరి నుంచి. ఆయన తెలుగు తరగతి కమిటీకి ప్రెసిడెంటు. మొక్క ఆకు కోయడం పాపం అంటారు. ఆ పందిట్లో తీగ మీద తీగ ఎక్కి గాలి ఆడటానికి సందు లేదు. రేణు తన పాదుని ఎంత శుభ్రంగా పెంచుకున్నా, కంచె దాటి వచ్చే తెగులుకి గేటు వేయగలదా? ఆవిడకి ఒళ్ళు మండింది.

మిగిలినవాళ్ళ తోటలైనా బతకాలని, తోటల వాట్సాప్ గ్రూపులో ఓ హెచ్చరిక పెట్టాలనుకుంది. చేతులకి తడి గ్లవ్స్ ఉన్నాయి. అందుకని మోచేత్తో మైక్ బొమ్మ నొక్కి, ఫోన్‌కి నోటితో చెప్పి పంపేసి, ఫోన్‌ని ఏప్రన్ జేబులో వేసుకుని మందు కొట్టే పనిలో పడింది. ముందురోజు రాత్రి చివరగా తెరిచింది తోటల గ్రూపు కాదని, తెలుగు తరగతి తల్లిదండ్రుల గ్రూపని ఆవిడకి గుర్తులేదు. తెగులు అనే మాట ఆ ఫోన్ పుట్టిన దగ్గర్నుంచీ వినలేదనీ, అలాంటి శబ్దం ఏది వినిపించినా తనకి తెలిసిన మాటే రాసుకుంటుందనీ ఆవిడకి అసలే తెలియదు.

గ్రూపులో పడింది ఇదీ:

"అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుగు మొదలైంది. వెనకింటి నుంచి వచ్చింది. ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఇంత ఘోరంగా ఎప్పుడూ లేదు. చిన్నగానే ఉంది కదా అని ఊరుకోకండి, రెండు వారాల్లో మొత్తం పాకిపోతుంది. తెలుగు పట్టినవి ఇక ఎదగవు. ఎక్కడ కనిపించినా ముదరకముందే కత్తిరించి, కవర్లో కట్టి చెత్తలో పడేయండి. రోజూ పొద్దున్నే చూసుకోండి. ఎండెక్కకముందే మందు కొట్టండి. చిన్నవాటికి సగం డోసు చాలు. వారం వారం మానకుండా కొడితే తెలుగు పూర్తిగా పోతుంది. అందరం కలిసి వదిలించుకుందాం."

నలభై నిమిషాల తర్వాత రేణు ఇంట్లోకి వచ్చేసరికి, భర్త శ్యామ్‌సుందర్ సోఫాలో కూర్చుని తన ఫోన్ వంక కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

"రేణూ, నీకు పిల్లల మీద ఏమైనా కోపం ఉందా?"

"నాకెందుకు కోపం?"

"మరి పొద్దున్నే మందు కొట్టమన్నావ్. చిన్నవాటికి సగం డోసట."

రేణు గ్లవ్స్ తీసి తన ఫోన్ చూసుకుంది. యాభై మూడు మెసేజీలున్నాయి. అన్నింటికంటే పైన అవినాష్‌గారిది ఉంది. "వెనకిల్లంటే మాదే. అవును, మా ఇంట్లో తెలుగు ఉంది. నిండుగా ఉంది. మీ ఇంటిదాకా పాకిందంటే గర్వపడుతున్నాను. దాన్ని కత్తిరించే హక్కు ఎవరికీ లేదు." కింద ముప్పై మంది చప్పట్లు కొట్టారు.

ఇంతలో ఫోన్ మోగింది. దేదీప్య. ఆవిడ కూతురు నైనిక రేణు దగ్గరే రెండేళ్ళుగా చదువుతోంది.

"రేణక్కా, ఏందిది? తెలుగు రావాలనే కదా మా నైనికను మీ దగ్గరికి పంపేది. కవర్ల కట్టి చెత్తల వేయమంటరేంది?"

"నేను చెప్పింది సొరపాదు గురించమ్మా. తెగులు. ఆకులకొచ్చే తెగులు."

"ఓ, తెగులా. మరట్లనే రాయొచ్చు కదక్కా."

"అట్లాగే చెప్పాను. ఫోనే రాసుకుంది దాని ఇష్టం వచ్చినట్టు."

దేదీప్యకి అర్థమైంది. కానీ గ్రూపులో మిగిలిన యాభై మంది దేదీప్యలు కారు. రేణు ఫోన్ పెట్టేలోపే దేవ్ కాల్ వచ్చింది. అతను అమెరికాలోనే పుట్టాడు. తను నేర్చుకోలేకపోయిన తెలుగు కూతురైనా నేర్చుకోవాలని తరగతికి పంపుతున్నాడు. వచ్చిన మెసేజ్‌ని ట్రాన్స్‌లేట్ చేసుకుని చదివాడట.

"ఆంటీ, మీరు కిడ్స్‌కి మార్నింగ్ డ్రింక్ ఇవ్వు అని చెప్పారు?"

"డ్రింకు కాదు నాయనా, మందు. స్ప్రే."

"ఐ చెక్డ్, ఆంటీ. మందు కొట్టు అంటే ఆల్కహాల్ డ్రింక్ చేయి. అండ్ లిటిల్ వన్స్‌కి హాఫ్ డోస్. నేను సెంటర్ వాళ్ళకి మెయిల్ చేయాలి అనుకుంటున్నాను. ఇట్స్ ఎ సేఫ్టీ థింగ్."

సెంటర్ వాళ్ళకి ఆ మెయిల్ వెళితే గది పోతుంది. గది పోతే తరగతి పోతుంది. ఏడేళ్ళు ఒక్క ఆదివారం మానకుండా, జ్వరమొస్తే మాత్ర వేసుకుని వెళ్ళి నిలబెట్టిన తరగతి, ఓ దిక్కుమాలిన ఫోన్ వల్ల పోతుందా? రేణుకి సగం భయం, సగం కోపం.

"ఒక్క పది నిమిషాలు ఆగు నాయనా, నేను అందరికీ సరిచేసి పెడతాను," అంది.

సరిచేసింది. మైక్ నొక్కి, ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతూ, "క్షమించండి, నేను చెప్పింది తెగులు గురించి, తెలుగు గురించి కాదు" అని చెప్పింది. ఫోన్ శ్రద్ధగా విని, "క్షమించండి, నేను చెప్పింది తెలుగు గురించి, తెలుగు గురించి కాదు" అని రాసి పంపింది. దానికింద ఎవరో తల గోక్కునే బొమ్మ పెట్టారు. లాభం లేదని ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసింది. ఫోన్ దాన్ని కూడా తప్పనుకుని దిద్దేసింది. పంపాక గానీ ఆవిడ చూసుకోలేదు.

"అలా కాదు, నీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టు," అని శ్యామ్‌సుందర్ సలహా ఇచ్చాడు. ఆయన పెళ్ళయిన తర్వాత ఇచ్చిన సలహాల్లో ఇది బాగున్నవాటిలో ఒకటి. కానీ రేణు అప్పటికి గ్రూపులో కొత్తగా వచ్చినవన్నీ చదివేసింది. అందులో అవినాష్‌గారు, మాతృభాషని చెత్తకుండీలో వేసేవాళ్ళ చేతుల్లో పిల్లల్ని పెట్టామని వాపోయారు. ఆవిడ వేలు రికార్డు మీద పడేసరికి గొంతు తారస్థాయిలో ఉంది.

"అది తెగులండీ బాబూ, తెలుగు కాదు. ఆకుల మీద తెల్లగా వస్తుందే, ఆ తెగులు. ఏడేళ్ళు మీ పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని, నేను తెలుగుని చెత్తలో పడేయమంటానా? అడగొచ్చుగా ఒక్క మాట? అసలు మీ అందరికీ ఏం తెగులొచ్చింది?"

చివరి వాక్యం వినగానే శ్యామ్‌సుందర్ కళ్ళు మూసుకున్నాడు.

రెండు నిమిషాల్లో అవినాష్‌గారు రాశారు. "మొదటిది ఫోన్ తప్పే అనుకుందాం. ఇది మాత్రం స్వయంగా మీ గొంతు. పదకొండున్నరకి మా పెరట్లో అత్యవసర సమావేశం." దేవ్ కూడా ఓ మెసేజ్ పెట్టాడు. "ఆంటీ, ఇప్పుడు మా అందరికీ డిసీజ్ అంటున్నారు. ఐ యామ్ వెరీ కన్ఫ్యూజ్డ్."

రేణు ఇడ్లీ తినలేదు. స్నానం కూడా చేయలేదు. పొద్దుటి ఏప్రన్‌తోనే, కోసిన ఆకుల్లోంచి బాగా బూడిద పట్టినదాన్ని ఒకటి జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని బయల్దేరింది.

"నేనూ రానా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"మీరొద్దు. మీరొస్తే మధ్యలో కాఫీ అడుగుతారు."

అవినాష్‌గారి పెరట్లో సొరపందిరి కింద పాతికమంది మడత కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన మధ్యలో నిలబడి మాట్లాడుతున్నారు. తెలుగు మన ఊపిరి అన్నారు. తెలుగు మన ఇంటి వెలుగు అన్నారు. రేణు తెలుగు ద్రోహి అన్నారు. పిల్లల తల్లిదండ్రులని పట్టుకుని ఏం తెగులొచ్చిందని అడిగిన టీచరు రేపట్నుంచి తరగతికి రానక్కర్లేదని, భాష మీద గౌరవం ఉన్నవారెవరైనా, అవసరమైతే తానే, ఆ బాధ్యత తీసుకోవాలని తీర్మానం ప్రతిపాదించారు. పైనుంచి సన్నగా తెల్లటి పొడి ఆయన నల్ల లాల్చీ మీద రాలుతోంది. ఆయన దాన్ని దులుపుకుంటూ మాట్లాడుతున్నారు.

"రేణుగారూ, మీరేమైనా చెప్పుకుంటారా?"

రేణుకి చెప్పుకోవాల్సింది ఏడేళ్ళది ఉంది. ఏడవకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుంది కాబట్టి తల పైకెత్తింది. ఎత్తగానే పందిరి కనిపించింది. దాని ఆకుల్లో పచ్చగా ఉన్నది ఒక్కటీ లేదు. చేతిలోని కవర్ని కుర్చీలో పడేసి, చేయి పైకి చాచి, చాటంత ఆకుని ఒకదాన్ని తుంచింది.

"రేణుగారూ, మొక్క ఆకు కోయడం..." అని అవినాష్‌గారు మొదలుపెట్టారు.

ఆవిడ వినిపించుకోలేదు. ఆకు మీద పేరుకున్న తెల్లటి బూడిదలో చూపుడువేలితో మూడక్షరాలు రాసింది. వేలు వెళ్ళినచోట బూడిద పోయి పచ్చగా తేలాయి. పలకలా ఎత్తి పట్టుకుంది.

"చదవండి."

"తెగులు," అన్నారు అవినాష్‌గారు.

"దేవ్, నువ్వు చదువు."

"తె... గు... లు," అన్నాడు దేవ్, కూతురి హోంవర్కులో చూసిన అక్షరాలని ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ. "ఓ. గు. నాట్ లు. ఆంటీ, ఇది ప్లాంట్ డిసీజ్?"

"ప్లాంట్ డిసీజే నాయనా. మందు కొట్టాల్సింది దీనికి."

"సో, నో మెయిల్," అని దేవ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అవినాష్‌గారు తన పందిరి వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "ఇది తెగులా? నేను ఈ రకం ఆకే తెల్లగా ఉంటుందనుకున్నాను."

"మీ రకం మా ఇంటికొచ్చి వారమైంది," అంది రేణు.

దేదీప్య లేచి ఆకుని దగ్గర్నుంచి చూసింది. "అక్కా, మా బీరపాదుకు కూడా ఇట్లనే ఉంది. నేను పిల్లలు చాక్‌పీస్‌తో ఆడుకున్నరనుకున్నా." ఆ మాటతో కుర్చీలు కదిలాయి. ఒకరికి దోసపాదు మీద ఉంది. ఇంకొకరికి గుమ్మడి మీద. పది నిమిషాల్లో మాతృభాష సంగతి అందరూ మరిచిపోయి రేణు చుట్టూ మూగి, ఏ మందు, ఎంత నీళ్ళు, ఎన్ని రోజులకోసారి అని అడగసాగారు. అందరికంటే ముందు నిలబడింది అవినాష్‌గారు.

"చెబుతాను," అంది రేణు. "ముందు నా తరగతి సంగతి తేల్చండి. ఏడేళ్ళలో మీలో ఒక్కరైనా నన్ను కాఫీ తాగావా అని అడగలేదు. ఇవాళ ఒక్క మెసేజ్‌కి పాతికమంది కుర్చీలేసుకుని కూర్చున్నారు. నాకెంత బాధగా ఉంటుంది?"

దేదీప్య వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అవినాష్‌గారు గొంతు సవరించుకుని, తరగతి రేణుగారిదేనని, ఆ మాట కాదనడం తన పొరపాటేనని ఒప్పుకున్నారు. తన పందిట్లో సగం తీగలు ఆ సాయంత్రమే కత్తిరిస్తానన్నారు. రేణు మందు చెప్పింది. అందరూ రాసుకున్నారు.

రాని తల్లిదండ్రులకి కూడా తెలియాలని అవినాష్‌గారు అక్కడే నిలబడి ఫోన్ మైక్ నొక్కి, సమావేశ తీర్మానాన్ని గంభీరంగా చెప్పి పంపారు. కుర్చీలు మడుస్తున్న హడావిడిలో దాన్ని మళ్ళీ ఎవరూ చదవలేదు.

"రేణుగారే మన టీచరుగా కొనసాగుతారు. మన అందరి ఇళ్ళలోంచీ తెలుగును సమూలంగా తొలగించే బాధ్యతను వారికి ఏకగ్రీవంగా అప్పగించడమైనది."

సాయంత్రానికి దాని కింద యాభై రెండు చప్పట్లు పడ్డాయి.