గుబురయ్య వేలంపాట

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గట్టే పెద్దలు కూడా మరీ ఎక్కువైపోయిన చోట, గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు.

అతనికి ఏ లోటూ లేదు. కొండమలుపులో చల్లటి గుహ ఉంది. వాగు మీదికి వంగిన తేనెకొండ తాతల నుంచి వచ్చింది. దాని చరియల నిండా తేనెపట్టులే. భార్య నల్లాంబ గడుసుది, నాలుగు మాటల పని ఒక్క చూపుతో చేసేస్తుంది. ఎండాకాలం వస్తే గుహ వెనకున్న బండగుంటలో ఇప్పపూలు రాలి, నాని, వాటంతటవే పులిసేవి. మొగుడూ పెళ్లాలిద్దరూ సాయంత్రం పూట చెరో నాలుగు దోసిళ్లు తాగి, ఊరికే నవ్వుకుంటూ పడుకునేవారు.

ఉన్న బాధల్లా ఒకటే. అడవి సభలో గుబురయ్యని బండ మీద కూర్చోనిచ్చేవారు కాదు.

సభ చదునైన నల్లబండ మీద జరిగేది. నడుమ మృగరాజు. కుడిపక్క ఏనుగు. ఎడమపక్క వరాహమూర్తి అనే అడవిపంది. అడవిలోని బురదగుంటలన్నీ అతని చేతికిందవే. వాళ్ల వెనక పరిమళం అనే పునుగుపిల్లి. వాసన చూసి ఏది గొప్పదో ఏది కాదో తేల్చే పండితుడు. మిగతావాళ్లంతా కింద గులకరాళ్ల మీద.

ఒకసారి గుబురయ్య ధైర్యం చేసి బండ అంచున కూర్చోబోయాడు.

"అక్కడ చీమలుంటాయోయ్ గుబురూ, కిందే నీకు సుఖం," అన్నాడు వరాహమూర్తి.

అందరూ నవ్వారు. గుబురయ్య కూడా నవ్వి కిందికి దిగాడు. చీమలంటే ఎలుగుబంటికి ప్రాణమని అడవంతటికీ తెలుసు. తనని మర్యాదగా గెంటేశారని మాత్రం అతనికి ఇంటికొచ్చాక గాని తట్టలేదు. ఆ పూట తిండి సహించలేదు.

అలాంటి రోజుల్లో వాచస్పతి అనే నక్క సభకి ఒక కుండ మోసుకొచ్చాడు. వాచస్పతికి నోరు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ నోటితోనే ఇన్నాళ్లూ బతికాడు.

"మహాజనులారా! పడమటి గుహలో రాళ్లు తొలగిస్తుంటే ఈ కుండ దొరికింది. మన ప్రభువుల ముత్తాతగారు తాగగా మిగిలిన ఇప్పసారా! మూత ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు."

"తియ్యకపోతే, తాగగా మిగిలిందని ఎట్లా తెలిసింది?" అని అడిగింది కింద కూర్చున్న కుందేలు.

"చదువులేని సందేహాలు చివర్లో తీసుకుంటాం," అన్నాడు వాచస్పతి. "ముందు ఈ సాలెగూడు చూడండి. ఇప్పటి సాలెపురుగులకి ఈ పనితనం ఉందా?"

పునుగుపిల్లి పరిమళం కుండ చుట్టూ తిరిగాడు. కళ్లు మూసుకుని మైనం పూసిన మూత దగ్గర ముక్కు ఆనించాడు.

"ఆహా! తొలకరి మట్టి. ఎండిన కరక్కాయ. చివర్లో... చివర్లో కొంచెం రాజసం."

ఆ మాటతో మృగరాజు మీసం సవరించుకున్నాడు. ఇక ఆ కుండని కాదనే దమ్ము ఎవరికుంటుంది?

"వేలంపాట మొదలు!" అని అరిచాడు వాచస్పతి.

గుబురయ్య పక్కనున్న కుందేలుతో, "నాకు పాట రాదే," అన్నాడు దిగులుగా.

వాచస్పతి చెవి చురుకు. "వేలంపాటకి గొంతెందుకోయ్? ఆస్తుంటే చాలు. కుండ ఎవరిదైతే వాళ్లు బండ మీదే కూర్చుంటారు. ముత్తాతగారి కుండని గులకరాళ్ల మీద పెట్టలేం కదా!"

గుబురయ్య లేచి నిలబడ్డాడు.

వరాహమూర్తి ఒక బురదగుంటతో మొదలుపెట్టాడు. ఏనుగు ఒక వెదురుపొద అన్నాడు. గుబురయ్య, "ఏడాది తేనె," అన్నాడు. బండ మీది తలలన్నీ అతనివైపు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక అన్ని పెద్ద తలలు తనవైపు తిరగడం అతను చూడలేదు. ఒళ్లంతా పులకరించింది.

"రెండు గుంటలు," అన్నాడు వరాహమూర్తి.

"తేనెకొండ!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గుబురయ్యకి కాస్త ఆలస్యంగా తెలిసింది. వరాహమూర్తి తల దించుకుని బండ మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"తేనెకొండ ఒకటోసారి... రెండోసారి..." వాచస్పతి బండని తోకతో ఫెడీమని కొట్టాడు. "మూడోసారి! దయచెయ్యండి గుబురయ్యగారూ, పైకి దయచెయ్యండి!"

నిన్నటిదాకా 'ఒరే గుబురూ' అన్న నోరే అది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పేసరికి నల్లాంబ కుండవైపు చూసింది, మొగుడివైపు చూసింది.

"ఇది తింటారా?"

"తినరు. తాగుతారు."

"అయితే తాగు."

"అమ్మో, తాగకూడదు! తాగితే అయిపోదూ?"

నల్లాంబ మళ్లీ ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం గుబురయ్యకి తెలుసు గనక గుహ బయట పడుకున్నాడు.

కొన్నాళ్లు వైభవంగానే గడిచింది. బండ మీద చోటు దొరికింది. ఏనుగు అంతటివాడు 'ఏమండీ' అని పలకరించాడు. గుహకి అతిథులు వచ్చేవారు. వచ్చి కుండ చుట్టూ తిరిగి, తలలాడించి, గుబురయ్య ఎలా ఉన్నాడో అడక్కుండానే వెళ్లిపోయేవారు. ఇంట్లో తేనె నిండుకుంది. తన కొండ తేనెని తనే వాచస్పతి దగ్గర చేపలిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. చేపల కోసం వాగులో నడుంలోతు నీళ్లలో నిలబడి, తల పైకెత్తితే ఎదురుగా తేనెకొండే కనిపించేది.

ఒక మిట్టమధ్యాహ్నం ఎండ కొరడాలా కొడుతోంది. చేప ఒక్కటీ పడలేదు. గుబురయ్య నీరసంగా ఇంటికొచ్చి కుండ ముందు కూలబడ్డాడు.

"ఒక్క గుక్క," అనుకున్నాడు. "కొండంత ఇచ్చాను. ఒక్క గుక్కకి నోచుకోనా?"

గోటితో మైనం చీల్చి, మూత తీసి, గుటుక్కున మింగాడు.

మరుక్షణం గుహలోంచి వచ్చిన గావుకేకకి గోడల మీది గబ్బిలాలన్నీ పట్టపగలే ఎగిరిపోయాయి. నాలుక మెలితిరిగింది. కళ్లలో నీళ్లు. వాగునీళ్లలో కుళ్లిన ఉసిరికాయలు పిసికి పోస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది.

నల్లాంబ పరుగున వచ్చింది. వేలు ముంచి నాకి, ఉమ్మేసింది.

"ముత్తాతగారు ఇందుకే మిగిల్చారు," అంది.

"నల్లా, నేను మునిగిపోయాను," అంటూ గుబురయ్య తల పట్టుకున్నాడు. "సభలో చెప్తే నవ్వుతారు. చెప్పకపోతే కొండ పోయినట్టే."

అంత కోపంలోనూ నల్లాంబకి మొగుడి మొహం చూస్తే జాలేసింది. కుండ ఎత్తి బయట పారబోసింది. గుహ వెనక బండగుంటలోంచి ఈ ఏటి ఇప్పరసం తెచ్చి అంచుదాకా నింపింది. మైనం కరిగించి మూత మూసేసింది.

"వాళ్లు కుండ చూడ్డానికి వస్తున్నారు. లోపలేముందో ఎవడడిగాడు? ఊరుకో," అంది.

గుబురయ్య ఊరుకున్నాడు. అడిగేవాడు మాత్రం వారం తిరక్కుండానే వచ్చాడు. పొరుగు అడవి సింహం చుట్టపుచూపుగా వస్తోందట. ముత్తాతగారి సారాతో విందు చెయ్యాలని మృగరాజు ముచ్చటపడ్డాడట. కుండ తక్షణం తీసుకురమ్మని కబురు.

గుబురయ్య కుండ నెత్తిన పెట్టుకుని, కాళ్లు వణుకుతుండగా బండ ఎక్కాడు. ఈ ఏటి పూలని ఒక్క గుక్కలో పోల్చేస్తారు, చర్మం ఒలిచేస్తారు అనుకున్నాడు. వాచస్పతివైపు చూశాడు. విచిత్రం! నక్క అతనికంటే ఎక్కువగా వణుకుతున్నాడు. ఇంకా విందు మొదలవకముందే పొదవైపు రెండడుగులు జరిగి ఉన్నాడు.

మూత తీశారు. మృగరాజు తాగాడు. పొరుగు సింహం తాగింది.

"అద్భుతం!" అన్నాడు మృగరాజు.

"మా అడవిలో ఇలాంటిది లేదు," అని ఒప్పుకుంది పొరుగు సింహం.

పునుగుపిల్లి రెండు గుక్కలు ఎక్కువే తాగాడు. "నేనప్పుడే చెప్పలేదూ? ఇలాంటి సారా ఇప్పటి పూలతో రాదు. ఆ పూలూ లేవు, ఆ ముత్తాతలూ లేరు," అన్నాడు తూలుతూ.

గుబురయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. వాచస్పతి నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ నోరు మాటల్లేకుండా తెరుచుకోవడం అడవి చూడ్డం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే వాచస్పతి గుహకి వచ్చాడు. గోడలు వాసన చూశాడు. నేల గీరి చూశాడు. కుండ పెట్టిన మూల పడుకుని చూశాడు.

"గుబురయ్యగారూ, కుండ ఇక్కడేగా ఉంది ఇన్నాళ్లూ?"

"ఇక్కడే."

"దాని జోలికి ఎవరూ పోలేదుగా?"

"ముత్తాతగారి కుండని ముట్టుకుంటామా?" అన్నాడు గుబురయ్య, నేలచూపులు చూస్తూ.

"అయితే అంత రుచి ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

గుబురయ్య చప్పున తలెత్తాడు. మంచి సరుకు అమ్మినవాడు అది మంచిగా ఉందని ఆశ్చర్యపోడు. ఓహో! ఉసిరికాయలు పిసికింది ఈ చేతులేనన్నమాట! పీక పట్టుకుందామనుకున్నాడు. కానీ పట్టుకుంటే తను మూత తీసిన సంగతి కూడా బయటికొస్తుంది. నక్క కూడా అంతే. ఒక్క ముక్క ఎక్కువ అడిగితే తన గుట్టే పోతుంది.

మాట నల్లాంబ అందుకుంది.

"మా గుహ మహిమ, బాబూ. మా అత్తగారు ఒకసారి మురిగిన నీళ్లు మూల పెట్టి మర్చిపోయింది. నెల తిరిగేసరికి ఎంత బాగున్నాయో! ఎవరికీ చెప్పకేం?"

వాచస్పతి కళ్లు మిణుగురుల్లా వెలిగాయి.

"గుహ అమ్ముతారా?"

"ఛ, ఛ! తాతల ఆస్తి," అంది నల్లాంబ. "అదేదో తేనెకొండలాంటిది ఇస్తే తప్ప..."

సూర్యుడు నడినెత్తికి రాకముందే సభలో అందరి ఎదుటా మార్పిడి జరిగిపోయింది. నల్లాంబ గుహలోంచి ఒక్క చాప కూడా వదలకుండా సర్దింది. తేనెకొండ కింది బొరియలో చోటు ఇరుకే. అయినా ఆ పూట గుబురయ్య చెయ్యి చాచి, పట్టు పిండి, మోచేతుల దాకా తేనె కార్చుకుంటూ తిన్నాడు. తింటూ తింటూ ఎందుకో ఏడ్చాడు.

వాచస్పతి మాత్రం నిద్రాహారాలు మానేశాడు. దొరికిన కుండనల్లా తెచ్చాడు. వాగునీళ్లు, కుళ్లిన ఉసిరికాయలు కలిపి గుహ నిండా పేర్చాడు. నెల తిరగ్గానే మహా వేలంపాట అని చాటించాడు. ఈసారి 'ప్రభువుల తాతగారి సారా, ముత్తాతగారి సారా, వారి నాన్నగారి సారా' అని వరసలు కట్టాడు. రుచి చూడలేదు. మహిమ మీద అంత నమ్మకం. వరాహమూర్తి ఆత్రం పట్టలేక బురదగుంటలన్నీ ముందుగానే బయానాగా ఇచ్చేశాడు.

పాటకి ముందు ప్రభువులు రుచి చూడటం ఆనవాయితీ అయిపోయింది గనక, మృగరాజు మొదటి కుండ ఎత్తి గటగటా తాగాడు.

ఆ గర్జనకి కొండమీది కోతులు కొమ్మలు వదిలేసి కింద పడ్డాయి.

"పరిమళం!" అన్నాడు మృగరాజు, నాలుక చేత్తో తుడుచుకుంటూ. "ఇదేమిటి?"

పునుగుపిల్లి ఒక చుక్క నాలిక్కి తగిలించుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ప్రభూ... ఇది... సామాన్యులకి అర్థంకాని రుచి."

"నువ్వు సామాన్యుడివి కాదుగా. కుండంతా తాగు."

పండితుడు మారుమాట లేకుండా ఆడపిల్లలా వెక్కుతూ తాగాడు. పాండిత్యం నిలబడింది, కడుపు నిలబడలేదు. వరాహమూర్తి, "నా గుంటలు! నా గుంటలు!" అంటూ బండ చుట్టూ పరిగెత్తాడు.

వాచస్పతి మాత్రం పారిపోలేదు. పారిపోవాలని తోచలేదు. అతను గుబురయ్య దగ్గరికొచ్చి, చెవిలో దీనంగా, "అన్నా, నిజం చెప్పు. గుహకి ఏమైంది?" అన్నాడు.

ఆ క్షణం గుబురయ్యకి నక్క మీద కోపం పూర్తిగా పోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. నల్లాంబ కాలు తొక్కింది.

"కుండ పెట్టినవాడి మనసు మంచిదవ్వాలి, తమ్ముడూ," అన్నాడు.

మృగరాజు తీర్పు చెప్పాడు. సభ జరిగిన ప్రతిసారీ వాచస్పతి బండ మీద కూర్చుని, తన సారా ఒక కుండ తాగి, దాని గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వాలి. గుహలో కుండలు అయిపోయేదాకా.

ఇప్పటికీ ఇస్తున్నాడు. విన్నవాళ్లలో కొందరు, ఆ సారా ఎక్కడ దొరుకుతుందని రహస్యంగా వాకబు చేస్తున్నారట.

ఇందులో నీతి ఏమిటంటారా: అబద్ధాన్ని ఎవరికైనా అమ్మండి, ఎంతకైనా అమ్మండి, తిరిగి మీరు మాత్రం కొనకండి.