పొద్దుటి నడక, పొగ మెషీను

పొద్దున్నే ఆరింటికి మనిషిని దుప్పట్లోంచి లాగి రోడ్డు మీద నడిపించడం నేరమని ఏ చట్టంలోనూ రాసి లేదు. అదీ నా బాధ. డాక్టరు నా పొట్ట చూసి “రోజూ నడవాలి” అన్నాడు. ఆయన అన్నది నాతో, విన్నది మా ఆవిడ.

నా ఉద్యోగం ట్రాఫిక్ పొగ కొలవడం. గాలిలో ధూళి ఎంతుందో చెప్పే మెషీన్లు మా ఆఫీసులో బోలెడు. అరచేతిలో పట్టేది ఒకటి ఇంటికి తెచ్చాను. రోడ్డు మీద గాలి విషమని అంకెల్లో చూపిస్తే నడక రద్దవుతుందని నా ఎత్తు.

తీరా కూడలిలో నిలబడి చూస్తే నలభై ఎనిమిది. ఆ అంకెకి దోమ కూడా దగ్గదు.

మర్నాడు పార్కింగ్‌లో నా ముసలి స్కూటర్ స్టార్ట్ చేసి, మెషీన్‌ని సైలెన్సర్ దగ్గర పట్టుకున్నాను. నాలుగు వందల పన్నెండు! దగ్గుకుంటూ మేడెక్కాను.

“చూశావా, కూడలిలో గాలి!”

మా ఆవిడ మొహం పాలిపోయింది. “అయ్యో! రోజూ మిమ్మల్ని ఈ విషంలోకా తరుముతున్నాను? ఇక పొద్దున్నే గడప దాటొద్దు.”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసిన మాట నిజం. కానీ నిద్ర ముంచుకొస్తుంటే సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది?

రెండు రోజులు ఎనిమిదింటి దాకా గురక పెట్టాను. మూడో రోజు ఆఫీసులో పైఅధికారి పిలిచారు. ఆయన ఏ లెక్కనైనా పాయింట్లతో తప్ప చెప్పరు కాబట్టి మేం దశాంశం గారంటాం.

“మీ కూడలి మీద ఫిర్యాదు వచ్చిందయ్యా. నాలుగు వందల పన్నెండట! పాయింట్ తర్వాత ఎంతో చెప్పలేదు. వీధి వీధంతా కిటికీలు మూసుకుందట. పద, పెద్ద మెషీన్ తీసుకెళ్దాం.”

“ఫిర్యాదు ఎవరు చేశారు సార్?”

“మీ ఆవిడే.”

ఆయన ఆఫీసు జీపులో, నేను నా స్కూటర్ మీద వచ్చాం. కూడలిలో పెద్ద మెషీన్ యాభై ఒకటి దగ్గర ఆగింది. జనం గుమిగూడారు.

“మా ఆయన అబద్ధం ఆడరండీ,” అంటూ మా ఆవిడ ఇంట్లోంచి చిన్న మెషీన్ తెచ్చి ఇచ్చింది. “కావాలంటే ఇందులో చూడండి.”

నేను అందుకోబోయేలోపే దశాంశం గారు తీసుకున్నారు. ఆ మెషీను నిమిషం నిమిషానికీ అంకెతో పాటు తానెక్కడుందో కూడా రాసి పెట్టుకుంటుంది. సిబ్బంది కుర్చీ దిగకుండానే లెక్కలు రాసేస్తున్నారని ఆ ఏర్పాటు దగ్గరుండి చేయించింది నేనే.

దశాంశం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఆరు గంటల ఏడు నిమిషాలకి నాలుగు వందల పన్నెండు పాయింట్ మూడు. చోటు... ఏమయ్యా, కూడలిని మీ పార్కింగ్‌లోకి ఎప్పుడు మార్చారు?”

మా ఆవిడ నా చేతిలోంచి తాళం లాక్కుంది. నేరుగా వెళ్ళి, కూడలి పక్కన ఆపిన స్కూటర్ స్టార్ట్ చేసింది. ఆ పొగలో స్కూటర్ మాయమైంది. నేను కూడా మాయమైతే బాగుండుననిపించింది.

“ఈ బండి రోడ్డెక్కొచ్చాండీ?” అని దశాంశం గారిని అడిగింది.

“బాగుచేయించేదాకా కదపొద్దమ్మా.”

“మరి మీ ఆఫీసు ఎంత దూరం?”

“వెనక సందుల్లోంచి మూడు పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు. గాలి కూడా శుభ్రం.”

స్కూటర్ తాళం ఆవిడ గుప్పిట్లోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఇప్పుడు రానూ పోనూ నడకే. జేబులో చిన్న మెషీన్ పెట్టి పంపిస్తుంది, సాయంత్రం ఎక్కడెక్కడ ఆగానో చూసుకుంటుంది.

మొన్న శనివారం ఆశగా అన్నాను: “రేపు ఆఫీసుకి సెలవు.”

“సెలవైతేనేం? ఆఫీసు గేటుకి తాళం సరిగ్గా వేశారో లేదో చూసి రండి.”