ఇంకొక్క తిప్పు

ఆ ఉదయం పెద్ద మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షెడ్డుకు వెళ్లాలి, దేన్నీ ముట్టుకోకూడదు.

రెండు సీట్ల చిన్న విమానంలో కొత్త రేడియో బిగించి, వైరింగంతా ఒంటిచేత్తో చేసింది ఆయన కూతురు. ఇవాళ తనిఖీ ఆఫీసరు వస్తాడు. రేడియో పలికితే ఆమెకు సొంతంగా పని చేసే లైసెన్సు వస్తుంది, పలకకపోతే మళ్లీ తండ్రికి స్పానర్లు అందిస్తూ కూర్చోవాలి. ఆ పనితనం చూసి తండ్రి ఛాతీ ఉప్పొంగిపోయింది. అయితే పొగిడితే పిల్ల చెయ్యి చెడిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే "ఊఁ" తప్ప ఇంకో ముక్క అనలేదు.

ప్యానెల్ కింద వైర్లను పట్టి ఉంచే క్లిప్పు స్క్రూ మాత్రం ఆయనకు కాస్త వదులుగా అనిపించింది. చేతులు ఊరుకుంటాయా? చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఇంకొక్క తిప్పు తిప్పాడు.

ఆఫీసరు రాగానే కూతురు ఆయన్ని వెంటబెట్టుకుని కంట్రోల్ టవర్ ఎక్కింది. తండ్రి విమానంలో మైకు పట్టుకుని కూర్చున్నాడు. తోడుగా పెట్రోలు బండి నడిపే బావమరిది పక్క సీట్లో చేరాడు.

"టవర్, వినపడుతోందా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ అడిగాడు. అదే వరస.

"కరెంటు వస్తోందా బావా?"

"ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది కదరా!" అంటూ మైకు ఒళ్లో పడేశాడు.

"అయితే లోపలేదో కాలిపోయుంటుంది."

కాసేపటికి ఫైరింజను గణగణమంటూ బయలుదేరింది. ఎక్కడో అంటుకున్నట్టుంది పాపం అని ఇద్దరూ జాలిపడ్డారు. పైన రెండు విమానాలు దిగకుండా చక్కర్లు కొడుతున్నాయి. వాళ్లకేం పనిలేదా అనుకున్నారు.

"మన పిల్ల పని పాడైందంటే నేను నమ్మనురా," అన్నాడు మెకానిక్. "ఆ వైర్లు చూడు, జడ అల్లినట్టు అల్లింది. నా జన్మలో నేనిలా చెయ్యలేదు. అది నా కూతురని చెప్పుకోవడం కాదు, నేను దాని నాన్ననని చెప్పుకోవాలి."

"ఈ మాట దానితో ఎప్పుడైనా అన్నావా?"

"అంటే నెత్తినెక్కి కూర్చోదూ! నువ్వూ అనకు. ఆఫీసరొస్తే వైరింగ్ నేనే చేశానని చెప్తా, తిట్లు నేనే తింటా. ఆ బట్టతలాయన ఇట్టే నమ్మేస్తాడు. సంతకం పెట్టడం తప్ప ఆయనకేం వచ్చు?"

ఇంతలో ఫైరింజను వచ్చి సరిగ్గా వీళ్ల ముందే ఆగింది. "మంటెక్కడ?" అంటూ మెకానిక్ తల బయట పెట్టాడు. నురగంతా ఆ తలమీదే పడింది.

దాని వెనకే కూతురు పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా టార్చి పట్టుకుని ప్యానెల్ కిందికి దూరింది.

"నాన్నా, ఈ స్క్రూ ఎవరు బిగించారు?"

మెకానిక్ బావమరిది వైపు చూశాడు. బావమరిది ఆకాశం వైపు చూశాడు.

క్లిప్పు కింద మైకు బటన్ వైరు నలిగి, పైతోలు ఊడి, ఇనుముకు తగిలింది. ఎవరో బటన్ నొక్కిపట్టినట్టే లెక్క. రేడియో ఆగకుండా మాట్లాడుతూనే ఉంది, అందుకే ఎవరి మాటా లోపలికి రాలేదు. ఆ ఎర్ర లైటు కరెంటుది కాదు, మన మాటలు బయటికి పోతున్నాయని చెప్పేది.

ఆమె స్క్రూ ఒక్క తిప్పు వదులు చేసి వైరుకు టేపు చుట్టింది. ఎర్ర లైటు ఆరింది. వెంటనే పైనుంచి ఒక పైలట్ గొంతు గంటకొట్టినట్టు పలికింది: "టవర్, అయ్యగారి ప్రసంగం అయిపోయిందా? ఇక మేం దిగొచ్చా?"

ఆఫీసరు టోపీ తీసి బట్టతల తుడుచుకున్నాడు. "ఇంతసేపూ ఒక్క అక్షరం తెగకుండా వినపడిందమ్మా. నీ పనికి వంక పెట్టడానికేం లేదు. లైసెన్సు కాగితం ఇటివ్వు, సంతకం పెడతాను. నాకొచ్చింది అదొక్కటే కదా!"

మెకానిక్ కళ్లు తుడుచుకుంటూ నురగ మంట పెడుతోందన్నాడు. కూతురు ఆయన భుజం మీది నురగ దులిపింది.

"అంతా విన్నాను నాన్నా."

"ఊఁ," అన్నాడాయన.

ఇప్పుడాయన కూతుర్ని రోజూ నోరారా పొగుడుతాడు. కాకపోతే ముందుగా రేడియో బ్యాటరీ వైరు పీకి పక్కన పెడతాడు.