ఇరవై ఎనిమిది దెబ్బల రాయితీ

ఆ శనివారం ఉదయం మర్డో గెడ్డెస్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఉప్పు వేసిన ఓట్స్ జావ తాగాలి. గోల్ఫ్‌లో పద్దెనిమిది హోల్సూ తొందరపడకుండా ఆడాలి. శరత్కాలపు కప్పు గెలవాలి. ఆ వెంటనే తన పేరు తనే బంగారు రంగుతో రాసుకోవాలి.

పిట్‌కెర్రీ గోల్ఫ్ క్లబ్బు గోడకున్న విజేతల పలకను చిత్రిక పట్టింది మర్డోయే. నలభై ఏళ్లుగా గెలిచినవాళ్ల పేర్లు దాని మీద రాస్తున్నదీ అతనే. లోరిమర్ బేర్డ్ పేరు తొమ్మిదిసార్లు రాశాడు. దాన్ని కళ్లు మూసుకుని కూడా రాయగలడు. తన పేరు మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఇప్పుడు పలక మీద ఒక్క వరుసే మిగిలింది. వచ్చే ఏటి నుంచి కొత్త పలక, అదీ తడి బూట్లు విడిచే గదిలో.

"నిద్రలో కూడా చెయ్యి తిప్పుతున్నావయ్యా" అంది భార్య నెట్టా, జావ గిన్నె ముందు పెడుతూ. "తెల్లారేదాకా దుప్పటి మీద నీ పేరే రాశావు."

"గుండ్రంగా వచ్చిందా?"

"వచ్చింది. ముందు బంతి గుంటలో పడనీ. నేనూ మీతోనే వస్తున్నా. ఫినెల్లా పిన్ని దెబ్బల కార్డు నేనే రాయాలిగా."

నెట్టా పిన్ని ఫినెల్లాకు ఎనభై ఒకటి. పదేళ్లుగా ఆమెకు చెయ్యి చాచినంత మేరకు మించి ఏదీ కనపడదు. బంతి కొడుతుంది, పడ్డ చప్పుడు వింటుంది, అడుగులు లెక్కపెట్టుకుంటూ అక్కడికి నడుస్తుంది. అందుకే క్లబ్బు ఆమెకు నలభై దెబ్బల రాయితీ ఇచ్చింది. మర్డోకి ఇరవై ఎనిమిది. లోరిమర్‌కి రెండే రెండు. ఆట అయ్యాక ఎవరు కొట్టిన దెబ్బల్లోంచి వాళ్ల రాయితీ తీసేస్తారు. ఎవరికి తక్కువ మిగిలితే కప్పు వాళ్లది.

"ఇరవై ఎనిమిదా!" అన్నాడు ఆ రోజు వాళ్లతో ఆడుతున్న లోరిమర్, మొదటి హోల్ దగ్గర చేతి తొడుగు లాక్కుంటూ. "ఒరేయ్ మర్డో, కష్టపడి నేర్చుకున్నందుకు నాకు శిక్షా? నేర్చుకోనందుకు నీకు బహుమానమా? ఇదేం న్యాయంరా?"

"నేనూ కష్టపడ్డానురా. రాకపోతే ఏం చెయ్యను? నీ పేరు తొమ్మిదిసార్లు రాసిన చెయ్యి ఇది. న్యాయం సంగతి దీన్నడుగు."

"కొట్టండర్రా" అంది ఫినెల్లా. "ఆట చూద్దామని వచ్చాను."

ఆవిడ చూడటమేమిటో ఎవరూ అడగలేదు.

మూడో హోల్ దగ్గర సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చింది. ముందు దీపస్తంభం పోయింది. తర్వాత ఇసుక దిబ్బలు, వాగు, ముళ్లపొదలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. నలుగురూ పాలలో నడుస్తున్నట్టు నడిచారు. ఎవరో దగ్గితే అది ఏ దిక్కునుంచి వచ్చిందో తెలియలేదు. ఎక్కడో పైన ఒక పక్షి కూసి, తన కూతే తనకు కొత్తగా అనిపించినట్టు ఆగిపోయింది. మర్డోకి భయమనేది పోయింది. ఇసుక గొయ్యి కనపడితే కదా అందులో పడేది! కలలో కొట్టినట్టు మెత్తగా కొట్టాడు. బంతి తెల్లదనంలోకి వెళ్లింది. నడిచి వెళ్తే, బుద్ధిగా అక్కడే కూర్చుని ఉంది.

లోరిమర్ బంతులు మాత్రం కూర్చోలేదు. అతను ఎప్పటిలాగే రెండు వందల గజాలు కొట్టాడు. అంత దూరం వెళ్లిన బంతి మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

ఆ మైదానంలో అయిదో హోల్ నుంచి ఒక్కో గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, రెండేసి గుంటలు, రెండేసి జెండాలు. వెళ్లేటప్పుడు ఆడాల్సింది తెల్ల జెండా గుంటకి, తిరిగొచ్చేటప్పుడు ఎర్ర జెండా గుంటకి. ఆ ఉదయం రెండూ బూడిద రంగులోనే ఉన్నాయి.

"మర్డో! ఆ జెండా కాదంటోంది పిన్ని!" అని మంచులోంచి నెట్టా కేకేసింది. "వాగు చప్పుడు కుడి చెవిలో వినపడాలట!"

"కళ్లు కనపడనావిడ దారి చెబితే కళ్లున్న ఇద్దరం వినాలా?" అన్నాడు లోరిమర్. మర్డో కూడా నవ్వాడు. దగ్గరగా కనిపించిన జెండా వైపు బంతిని తోశాడు. అది లోపలికి జారింది. ఆ హోల్ నాలుగు దెబ్బల్లో ముగించడం అతని జీవితంలో అదే మొదలు.

తర్వాత అన్నీ అలాగే. తొమ్మిది హోల్స్ అయ్యేసరికి ముప్పై తొమ్మిది దెబ్బలు. లోరిమర్ నడక ఆపి, అతన్ని పైనుంచి కిందకి చూశాడు.

"ఏడాదంతా కావాలనే చెత్తగా ఆడి, రాయితీ పెంచుకుని, ఇవాళ బయటికి తీశావా?"

పిట్‌కెర్రీలో అలాంటివాణ్ని దొంగ అంటారు. టీ బల్ల దగ్గర అతని పక్కన ఎవరూ కూర్చోరు. పలక మీద పేరు ఉంటుంది గానీ, దాని కింద నిలబడి ఊరంతా గుసగుసలాడుతుంది. గెలవాలి, కానీ మర్యాదగా గెలవాలి. ఓ పది దెబ్బలు పారేసుకుందామని మర్డో నిశ్చయించుకున్నాడు.

పదమూడో హోల్‌లో వాగుకేసి గురిపెట్టి కొట్టాడు. బంతి రాతి వంతెనకి టక్కున తగిలి, ఎగిరి, జెండా పక్కన పడింది. పద్నాలుగులో ముళ్లపొదల్లోకి కొట్టాడు. అక్కడ పొదలు లేవు. వాటిని పోయినవారమే నరికేశారు. పదిహేనులో కళ్లు మూసుకుని కొట్టాడు. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత గుంటలో బంతి పడ్డ చప్పుడు.

"అయ్యో!" అన్నాడు మర్డో, నెత్తి పట్టుకుని.

"గెలుస్తూ ఏడ్చేవాణ్ని నిన్నే చూశానురా" అన్నాడు లోరిమర్.

ఎటు పరిగెత్తినా ఇంటికే చేరే కలలు కొన్ని ఉంటాయి. మర్డో అలాగే క్లబ్బుకి చేరాడు. మొత్తం డెబ్బై తొమ్మిది దెబ్బలు. రాయితీ పోను యాభై ఒకటి. పిట్‌కెర్రీలో ఇంతవరకు ఎవరికీ అరవై కంటే తక్కువ రాలేదు.

లోరిమర్ పెన్సిల్ పట్టుకుని కార్డుకేసి చాలాసేపు చూశాడు. తోటి ఆటగాడిగా అతని సంతకం లేకపోతే అది చెల్లదు.

"ప్రతి దెబ్బా నా ముందే కొట్టావు" అన్నాడు చివరికి. "కనపడినంతవరకు మోసం లేదు." సంతకం పెట్టి, మొహం తిప్పుకున్నాడు.

మర్డో బంగారు రంగు సీసా తెచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చివరి వరుస మీద దుమ్ము ఊదాడు. కుంచె ముంచి పైకెత్తేసరికి పక్క కిటికీలోంచి వెలుతురు చెయ్యి మీద పడింది. తల తిప్పి చూశాడు. మంచు లేచిపోతోంది. మైదానమంతా తడితో వెండిలా మెరుస్తోంది. ఆ వెండి మీద అందరి అడుగులూ నల్లగా, రాసినంత స్పష్టంగా ఉన్నాయి. అయిదో గ్రీన్ మీద రెండు పెద్ద అడుగుల జాడలు వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ ఎర్ర జెండా దగ్గరికే వెళ్లాయి, తెల్ల జెండా వైపు ఒక్క అడుగూ లేదు. ఆరు, ఏడు, ఎనిమిదో గ్రీన్ల మీదా అంతే.

కింద ఎవరూ కిటికీ వైపు చూడటం లేదు. అందరూ సూప్ తాగుతున్నారు. కుంచె కొసన బంగారు చుక్క నిండుగా వేలాడుతోంది. ఇంకో అరగంటలో ఆ తడి ఆరిపోతుంది.

"లోరిమర్" అన్నాడు మర్డో, కుంచె కిందకి దించి. "కిటికీ దగ్గరికి రారా. మనం తప్పు గుంటల్లో వేశాం."

అందరూ లేచారు. ఎవరి జాడలు వాళ్లు వెతుక్కున్నారు. ఆ ఉదయం ఆడిన పద్దెనిమిది మందిలో పదిహేడు మంది ఎక్కడో ఒకచోట ఎర్ర జెండాకి మోసపోయినవాళ్లే. పదిహేడు కార్డులూ చింపేశారు. ఒక చిన్న అడుగుల జాడ మాత్రం, పక్కనే నెట్టా జాడతో, ప్రతి గ్రీన్ మీదా సరైన జెండా దగ్గరికే వెళ్లింది. నూట తొమ్మిది దెబ్బలు, నలభై పోను అరవై తొమ్మిది.

"మీకు ఇవాళ ఒక్కపూట కనపడలేదు" అంది ఫినెల్లా, సూప్ చల్లార్చుకుంటూ. "నాకు పదేళ్ల అలవాటు."

"అంటే అందరం మొదటిసారి సమానంగా ఆడాం" అన్నాడు లోరిమర్ నీరసంగా. "దాని మీద ఈవిడకి ఇంకో నలభై ఇచ్చాం!"

మర్డో మళ్లీ నిచ్చెన ఎక్కాడు. చివరి వరుసలో ఫినెల్లా క్రాంబీ పేరు రాశాడు. తన పేరుకోసం నలభై ఏళ్లు దాచుకున్న ఒంపులన్నీ అందులో పెట్టాడు.

"గుండ్రంగా వచ్చిందా నాయనా?" అని కింద నుంచి అడిగింది ఫినెల్లా.

"వచ్చింది అత్తయ్యా."

నెట్టా నిచ్చెన గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆ రాత్రి దుప్పటి తీసి ఉన్ని రగ్గు వేసింది, నిద్రలో మళ్లీ పేరు రాయబోతే వేలు సరిగ్గా జారకుండా.

సోమవారం కమిటీ కూర్చుని ఫినెల్లా రాయితీని ముప్పై నాలుగుకి తగ్గించింది. కారణం అన్నచోట, "మంచులో అందరికంటే బాగా కనపడటం" అని రాశారు.