మా ఊరి మూర్ల రాజు

ఊళ్ళో ఒక్క పండితుడుంటే చాలు, ఆ ఊరి చరిత్ర మంటగలిసినట్టే! అందుకే చెబుతున్నాను, మన స్పెయిన్‌ వాళ్ళకి అరబ్బీ రాకపోవడం దేవుడిచ్చిన వరం.

మా బెనిమర్దా సంగతే చూడండి. వెనకటి రోజుల్లో మన క్రైస్తవులు ఈ ఊరేలే మూర్లతో, అంటే అరబ్బు ముస్లిములతో, యుద్ధం చేసి కోట గెలిచారు. ఏటా ఏప్రిల్‌లో ఆ యుద్ధం మళ్ళీ చేసి చూపిస్తాం. సంతవీధిలో చెక్క కోట కడతాం. సగం ఊరు క్రైస్తవులు, సగం ఊరు మూర్లు. సగం అనడం పొరపాటు. పట్టు తలపాగా, జరీ అంగరఖా మూర్లకే కాబట్టి అందరూ అటే ఎగబడతారు. క్రైస్తవులు చాలక పోయినేడు పక్కూరి నుంచి తెచ్చుకున్నాం. అయినా గెలిచాం! ఇంతకంటే చరిత్ర ఏం కావాలి?

మా ఊరి పండితుడు డాన్ బల్తసార్‌కి కావాల్సి వచ్చింది. వయసంతా మఠాల అటకల మీద అరబ్బీ గ్రంథాలు చదివి, ముసలితనంలో ఊరి చరిత్ర రాశాడు. మునిసిపల్ సభ అచ్చు వేయిస్తానంది. ముందుగా మేయర్ డాన్ రమిరో కోట అధ్యాయం చదివించుకుని విన్నాడు.

"యుద్ధమేదయ్యా మేష్టారూ?"

"జరగలేదండీ. మూర్లే తాళంచెవి ఇచ్చారు. వాళ్ళ పొలాల జోలికి, మసీదు జోలికి రామని మనవాళ్ళు ఒట్టేశారు. తర్వాత ఒట్టు తప్పి తరిమేశారు."

"మరి నేను ఏటా గుర్రమెక్కి గెలుస్తున్నదేమిటి?"

"అది తమరే సెలవివ్వాలి."

"దండం పెడతాను, ఒక్క యుద్ధం రాయండి. చిన్నదే! నలుగురు చచ్చినా చాలు."

"చచ్చినవాళ్ళ పేర్లు ఎక్కణ్ణుంచి తేను?"

"మా వంశంలో బోలెడుమంది ఉన్నారు, తీసుకోండి!"

డాన్ బల్తసార్ తీసుకోలేదు. పుస్తకం అచ్చు కాలేదు. ఇంకోచోట అచ్చు వేయించే స్తోమత ఆయనకి లేదు, ఎదురుచూసే వయసూ కాదు.

సభ ఆయన్ని ఉత్త చేతులతో పంపిందనుకున్నారా? మూర్ల రాజు వేషం ఇచ్చింది! ఓడిపోయి తాళంచెవి అందిస్తూ అరబ్బీలో రెండు ముక్కలు చెప్పాలి. ఏటా ఆ వేషం కట్టే కసాయి మార్సాల్ అలిగి ఆయనతో మాట్లాడటం మానేశాడు.

పండగనాడు ఆ రెండు ముక్కలు ఒక పట్టాన తెమల్లేదు. ఆయన చెక్క కోట మీద నిలబడి, గొంతు బొంగురు పోయేదాకా చెప్పాడు. మేయర్ గుర్రం మీదే కునికాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

"అబ్బ, ఎంత బాగా ఓడిపోతున్నాడమ్మా!" అంది రొట్టెల కొట్టు విసెంతా.

"నేనైతే ఇంత ఏడిపించలేకపోయేవాణ్ణి," అని మార్సాల్ కూడా చప్పట్లు కొట్టాడు.

ఆయన దిగుతుంటే చెయ్యి అందించి అడిగాను: "ఏం చెప్పారు మేష్టారూ?"

"కోట అధ్యాయం," అన్నాడు. "ఒట్టు దగ్గర్నుంచి తరిమేసేదాకా."

మా ఊళ్ళో నిజం చెప్పడానికి అడ్డేముందో మీరే చెప్పండి. నిన్న సభ తీర్మానం కూడా చేసింది. ఇకమీదట ఏటా ఆయనే మూర్ల రాజు. ఆ ప్రసంగంలో ఒక్క అక్షరం మార్చినా ఊరుకోరట!