అన్ని విధాలా సమానం

గాలికి నియమ నిబంధనలు లేవు. సృష్టిలో మిగిలిపోయిన ఈ లోటును పూడ్చడానికే మా జంట పడవల పందేల సంఘం పుట్టింది.

జంట పడవంటే పక్కపక్కన రెండు సన్నటి పడవలు, వాటిని కలుపుతూ ఒక చట్రం, పైన తెరచాప. పందెంలో ఒక్కో పడవకి ఇద్దరుంటారు. వెనక చుక్కాని పట్టుకుని ఎటు వెళ్ళాలో చెప్పేది మావారు. తెరచాప తాడు లాగేది నేను. (పదకొండేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఇంట్లోనూ పెద్ద తేడా లేదు.) గెలుపు మనిషి నేర్పును బట్టే ఉండాలి గనక పడవలన్నీ ఒక్కలాగే ఉండాలని సంఘం పట్టుదల. అందుకోసం నూట పద్నాలుగు పేజీల నిబంధనల పుస్తకం ఉంది. పడవ నడపడమెలాగో చెప్పే పుస్తకం ఆరు పేజీలు.

లాగిన తాడును పళ్ళతో కరిచి పట్టుకునే చిన్న సాధనాన్ని క్లీట్ అంటారు. మా పడవ క్లీట్‌కి పళ్ళు అరిగిపోయాయి. మామూలు గాలికి పట్టుకుంటుంది, గాలి విసురుగా వస్తే వదిలేస్తుంది. అప్పుడు తాడు నా కుడి చేతిలోంచి పరిగెడుతుంది. కిందటి నెల అలా పరిగెత్తి మధ్యవేలు, ఉంగరపు వేలు తోలు లాక్కుపోయింది. ఇంకోసారి ఇలా అయితే ఆ వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టరమ్మ చెప్పింది. ఈ ఏటి ఆఖరి పందెం ఆదివారం. నేను కొత్త క్లీట్ కొన్నాను.

సంఘం కొలతల అధికారిని అందరం టేపుగారంటాం. ఆయన మెడలో ఒక టేపు, జేబులో ఇంకో టేపు (మొదటిదాన్ని సరిచూడటానికి) ఉంటాయి. పడవల షెడ్డులో ఆయన కొత్త క్లీట్‌ను మూడుసార్లు కొలిచారు. పొడవు, వెడల్పు, బరువు అన్నీ సరిపోయాయి. తర్వాత దాంట్లో తాడు పెట్టి లాగి చూసి, ముఖం ముడుచుకున్నారు.

"ఇది పట్టుకుంటోందమ్మా."

"పట్టుకోడానికేగా కొన్నాను."

"పాతది పట్టుకోదు కదా. మరి సమానం ఎలా అవుతుంది?"

పదిహేడో నిబంధన తీసి చూపించారు. పాత సాధనం స్థానంలో దానికి అన్ని విధాలా సమానమైన కొత్త సాధనాన్ని అమర్చుకోవచ్చు, అని ఉంది.

ఇక్కడ నేనొక నేరం ఒప్పుకోవాలి. మావారు సంఘానికి కార్యదర్శి. అందుకని సంఘం కాగితాలన్నీ టైపు చేసేది నేను. ఎనిమిదేళ్ళ కిందట ఈ నిబంధన టైపు చేస్తుంటే పంక్తి సగంలో ఆగిపోయి బోసిగా కనిపించింది. నిండుగా ఉంటుంది కదా అని "అన్ని విధాలా" అని కలిపాను. ఆ సంగతి టేపుగారికి చెప్పాను. నిబంధనకు అర్థం చెప్పే అధికారం టైపు చేసినవారికి లేదని, ఆ మాట నూట రెండో పేజీలో ఉందని ఆయన అన్నారు. (ఉంది. అదీ నేనే టైపు చేశాను.)

పాత క్లీట్ ఎంత జారుతుందో తేల్చడానికి జారుడు ఉపసంఘం వేశారు. వాళ్ళు తాడుకు ఇసుక బస్తా వేలాడదీసి, నిమిషానికి జానెడు జారుతుందని నిర్ధారించారు. సొంత పడవ వ్యవహారం గనక మావారు ఓటు వెయ్యలేదు. బస్తా మాత్రం మోసుకొచ్చారు. కొత్త క్లీట్ కూడా నిమిషానికి జానెడు జారే పక్షంలో అభ్యంతరం లేదని తీర్మానించారు. దాని పళ్ళు అరగదియ్యడానికి ఆకురాయి సంఘమే ఇస్తుంది. వాడాక తుడిచి ఇవ్వాలి.

"వాళ్ళన్నదాంట్లోనూ న్యాయం ఉందిలే," అన్నారు మావారు, ఇంటి తాళం తీస్తూ.

"మరి నా చెయ్యి?"

"అడుగుదాం."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి అడిగారు కూడా. టేపుగారు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పి, సంతోషంగా తలెత్తారు. "తాడు లాగే మనిషి సాధనం కిందికి రాదండీ. మార్చుకోడానికి మా అనుమతి అక్కర్లేదు."

మావారు నన్నొకసారి ఎగాదిగా చూశారు. "బరువు సమానంగా ఉండాలా?" అని అడిగారు.

అక్కర్లేదట.

ఆదివారం నా చోట టేపుగారి బావమరిది కూర్చున్నారు. నేను ఒడ్డున నిలబడి చూశాను. మొదటి మలుపు దాటాక విసురుగా గాలి వచ్చింది. పాత క్లీట్ తన అలవాటు ప్రకారం వదిలేసింది. బావమరిదిగారు పెట్టిన కేక ఒడ్డుదాకా వినిపించింది. (ఒక్క వేలే. అదీ పైతోలే.)

సోమవారం సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇరవై నిమిషాల్లో పదిహేడో నిబంధనలోంచి "అన్ని విధాలా" తీసేసింది. నా కొత్త క్లీట్‌కు అనుమతి వచ్చింది. ఇంత ప్రమాదకరమైన లోపాన్ని మొట్టమొదటిసారిగా సంఘం దృష్టికి తెచ్చినందుకు బావమరిదిగారికి కృతజ్ఞతలు తెలుపుతూ ఇంకో తీర్మానం చేశారు.

రెండూ టైపు చేసి పెట్టమని మావారు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. ఎనిమిది వేళ్ళతో చేశాను. పదిహేడో నిబంధన మళ్ళీ సగంలో ఆగి బోసిగా ఉంది. కృతజ్ఞతల పంక్తి మాత్రం అంచుదాకా నిండుగా వచ్చింది.