కోటు-దుప్పటి సంగ్రామ పర్వము

భుక్తాయాస పీడిత విద్యార్థిలోక కనురెప్పలపై నిద్రాదేవి దండయాత్ర సాగించు అపరాహ్ణ వేళ, సుద్దపొడి ధూళి ధూసరితమును, పాత ఫ్యాను కర్కశ నిస్వన పరిపూరితమును, గడియ సరిగా పడని కారణమున ప్రతి చిరుగాలికిని తనంత తానే తెరచుకొను తలుపుతో విరాజిల్లునదియును అగు పదవ తరగతి గదియను కదనరంగమున, చంకలో దిద్దిన జవాబు పత్రముల కట్టతో, కన్నులలో నిద్రలేమి తెచ్చిన ఎర్రజీరలతో, ఆంగ్లసాహిత్య సంరక్షణైక దీక్షాధురంధరయగు ఇంగ్లీషు టీచరు ప్రవేశించెను. ఆమె చేసిన సంగ్రామ వృత్తాంతమిది. ఆవులింతలు ఆపుకొని ఆలకింపుడు.

ముందుగా యుద్ధకారణము. ఆమెదగు చివరి పీరియడ్ అను రాజ్యముపై లెక్కల మాస్టారు చిరకాలముగా కన్ను వేసియుండెను. ఆనాటి ఉదయమున, సమీకరణ సేనా సమావృతుడు, వర్గమూల నిర్మూలన విశారదుడునగు ఆ మహారథుడు హెడ్మాస్టారి గదికి వేంచేసి, చల్లగా నిప్పు రాజేసెను.

“సార్, పిల్లలకి లెక్కల్లో ఇంకా ప్రాక్టీసు కావాలి. ఆ చివరి పీరియడ్ నాకిప్పించండి. కవితలదేముంది, ఇంట్లో చదువుకుంటారు.”

ఎవరి మనస్సును నొప్పింపకుండ ఉద్యోగము ముగించుటయే మహావ్రతముగా కలిగిన హెడ్మాస్టారు, టీచరును పిలిపించి, బల్లపైనున్న పేపర్‌వెయిట్‌ను ఇటు నుండి అటును, అటు నుండి ఇటును జరిపి, ధర్మనిర్ణయము చేసెను.

“చూడమ్మా, పరీక్షలో రెండు కవితలు పోల్చమనే ప్రశ్న ఉంటుంది కదా. మన పిల్లలు ఏటా అక్కడే బోల్తా కొడుతున్నారు. ఇవాళ మీ పీరియడ్ అయ్యేలోపు ఒక్కరంటే ఒక్కరితో ఒక్క పేరా సరిగ్గా పోల్చి రాయించండి. పరీక్షలదాకా పీరియడ్ మీదే. లేదంటే సోమవారం నుంచి లెక్కలకి ఇచ్చేద్దాం.”

“ఒక్కరు చాలా సార్?” అని టీచరు అడిగెను.

“ఆ ఒక్కరు దొరకాలి కదా,” అని లెక్కల మాస్టారు నవ్వెను. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయెను.

మండదా మరి? తక్కిన పీరియడ్లన్నియు వ్యాకరణమునకును, సెలవుచీటీల నమూనాలకును అంకితములు. పిల్లలు తమ సొంత మాట ఒక్కటైనను పలుకు చోటు ఆ చివరి పీరియడ్ ఒక్కటే. అది కూడ పోయినచో తాను బడికి వచ్చుటకు కారణమేమున్నదని తలచుకొనగా, మెట్లెక్కుచుండగనే ఆ ధీరవనితకు ఏడుపు ముంచుకొని వచ్చెను. దానిని దిగమింగి ఆమె తరగతిలో అడుగిడెను.

ఆనాటి రణమునకు కారకములైన ఆంగ్ల కవితలు రెండు. మొదటి దానియందు తండ్రిని పోగొట్టుకొన్న కొడుకొకడు, తలుపు వెనుక కొక్కెమునకు వ్రేలాడు తండ్రి కోటును తీయలేక రోజూ చూచుచుండును. రెండవ దానియందు డాబాపై తల్లీకూతుళ్లు ఆరిన దుప్పటిని చెరియొక వైపు పట్టుకొని మడతపెట్టుచు, ఆ మడత ముగియువరకును పోట్లాడుకొనుచునే యుందురు. చిన్న కవితలే. కాని వాటిని ఒక్కచోట కూర్చుండబెట్టుట పామును ముంగిసను ఒకే బుట్టలో సర్దుటకంటె కష్టమని టీచరు అనుభవపూర్వకముగ ఎరుగును.

ఏలయన, ఆ తరగతి వీరులు అవలంబించు వ్యూహము దుర్భేద్యము. కాగితమునకు ఈ వైపున కోటు సంగతి. ఆ వైపున దుప్పటి సంగతి. అట్టడుగున “కాబట్టి రెండు కవితలూ చాలా బాగున్నవి” అను మంగళవాక్యము. కాగితము తిప్పిననే తప్ప ఒక కవితకు మరొక కవిత ముఖదర్శనము కాదు. ఎన్నిసార్లు చెప్పినను, ఎంత బతిమాలినను, చేయి కాగితము తిప్పకుండ ఆగదు. తనలో తాను ఆమె అనుకొన్నది వేరు, పైకి అన్నది వేరు. “ఓరీ పత్రపరివర్తన పరాయణులారా! కవితాద్వయ వియోగ పాతకమునకు ఒడిగట్టుట ఇకనైనను మాని, ఏకపత్ర ఏకపార్శ్వ సమాగమ మహోత్సవమునకు కలములెత్తుడు!” అనునది ఆమె హృదయ ఘోష. నోటి నుండి వెలువడిన మాటలు మాత్రము ఇవి:

“పేపరు తిప్పకుండా రాయండర్రా, మీకు పుణ్యముంటుంది.”

మొట్టమొదట క్లాసు లీడరు లేచెను. అతడు సర్వకాల సర్వావస్థలయందును చేయి పైకెత్తియుంచు మహావీరుడు.

“రెండింట్లోనూ బట్టలున్నాయి మేడమ్. ఒకదాంట్లో కోటు, ఒకదాంట్లో దుప్పటి.”

“సరే. అయితే ఏంటి?”

“రెండూ ఉతకాలి మేడమ్.”

లీడరు కూర్చుండెను. అంతట, ప్రతి తగవునకును తీర్పు చెప్పుటచే చిన్ననాటనే తాతయ్య అను బిరుదు పొందిన విద్యార్థి నిలిచి గొంతు సవరించుకొనెను.

“కోటుకి పదికి ఏడిచ్చాను మేడమ్, దుప్పటికి ఆరు. కోటు గెలిచింది.”

“ఇది పోటీ కాదురా.”

“ఎవరూ గెలవకపోతే ఇంక పోల్చడం దేనికి మేడమ్?”

ప్రశ్న న్యాయమైనదే. అంతలో గాలి వీచెను; గడియ పడని ఆ తలుపు కిర్రున తెరచుకొనెను; ఆవల వరండాలో లెక్కల మాస్టారు, చేతులు వెనుకకు కట్టుకొని, పంట కోతకు వచ్చునా రాదా అని పొలమును చూచు రైతువలె తరగతిని పరికించుచు నిలిచియుండెను.

“ఎంతవరకొచ్చింది మేడమ్?”

“వస్తోంది మాస్టారూ,” అని ఆమె తలుపు మూసెను. అది మరల తెరచుకొనెను. ఈసారి బెంచీ అడ్డము పెట్టించెను. ఆ బెంచీతోపాటు ఆమె ధైర్యము కూడ కాస్త పక్కకు జరిగెను. కుర్చీలో కూలబడి, ఇక పీరియడ్ పోయినట్లే అని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ సమయమున తాతయ్య లీడరు చెవిలో గుసగుసలాడెను. అతని గుసగుస వెనుక బెంచీల వరకు వినబడును.

“మాస్టారు తిడతారు గానీ అప్పుడే మర్చిపోతారు. మేడమ్ తిట్టరు గానీ ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.”

టీచరు దిగ్గున లేచెను.

“ఏమన్నావ్? మళ్లీ చెప్పు.”

“ఏం లేదు మేడమ్.”

“చెప్పరా. ఏమీ అనను.”

తాతయ్య దొంగకు తేలు కుట్టినట్లు నిలుచుండి, ఆ వాక్యమును మరల పలికెను. అది టీచరు గుండెలో ముల్లువలె గుచ్చుకొనెను. అయినను ఆమె ముఖము వెలిగిపోయెను.

“ఇదేరా! ఇదే పోల్చడం! మాస్టారి గురించి ఒక పక్క రాసి, నా గురించి వెనక పక్క రాశావా? ఒక్క ఊపిరిలో ఇద్దర్నీ పట్టుకొచ్చావు. సరే, ఇద్దరిలో ఎవరంటే నీకు భయం?”

తాతయ్య తల దించుకొనెను. “మీరే మేడమ్. తిట్లయితే అయిపోతాయి కదా.”

“చూశావా? నా ఒక్కదాని గురించే చెప్పుంటే ఈ మాట నీకు తట్టేదా? పక్కన మాస్టారుంటేనే తట్టింది. కవితలకీ అంతే.”

అప్పుడు, మాట సగము పలికి మిగిలినది మ్రింగివేయుటచే అరమాట అని పిలువబడు బాలిక, కిటికీ ప్రక్క బెంచీ నుండి మెల్లగా లేచెను. ఆమె తనంత తానుగా లేచుట అదే మొదలు.

“మేడమ్… దుప్పటికి అవతలి కొస పట్టుకోవడానికి అమ్మ ఉంది. అందుకే ఆ అమ్మాయి పోట్లాడుతోంది. కోటు అబ్బాయికి పోట్లాడదామన్నా ఎవరూ లేరు. అందుకే కోటు తియ్యట్లేదు.”

అంతయు పలికెను, సగము మ్రింగలేదు. లీడరు చేయి దానంతట అదే క్రిందికి దిగెను. టీచరు ఒక తెల్లకాగితమును అరమాట ముందుంచెను.

“రాయి తల్లీ,” అనెను. “ముందు రాసెయ్.”

అంతట ప్రారంభమైనది ఆ మహాలేఖనము. ఆంగ్లాక్షర పదాతిదళములు వరుసలు తీరి, నీలిసిరా పతాకములెత్తి, ఒకే పేరాలో కోటు ప్రక్కన దుప్పటియు, కొడుకు ప్రక్కన కూతురును నడుచుచుండగా, తరగతి తరగతియంతయు ఆమె బెంచీ చుట్టును మూగి ఊపిరి బిగబట్టెను. ఇంతలో ఘోరము! కాగితము అడుగంచు సమీపించెను, వాక్యమింక మిగిలియుండెను, అరమాట వేళ్లు చిరకాల వాసనాబలమున కాగితపు మూలను పట్టుకొనెను.

“తిప్పకే! చచ్చినా తిప్పకు!” అని తాతయ్య అరచెను.

“మార్జిన్‌లో రాయి! చిన్నగా రాయి!” అని లీడరు ఆక్రోశించెను.

ఆమె మూలను విడిచెను. చీమల బారువలె అక్షరములను కుదించి, మార్జిన్ వెంబడి నిలువుగా పైకి పాకించి, చివరి చుక్క పెట్టెను. గంట మోగెను. బెంచీని ప్రక్కకు నెట్టుకొని హెడ్మాస్టారును, ఆయన వెనుక లెక్కల మాస్టారును వచ్చిరి.

హెడ్మాస్టారు పేరా చదివెను. మార్జిన్‌లోనిది చదువుటకై కాగితమును అడ్డముగా పట్టుకొనెను. అలవాటు చొప్పున వెనుకకు త్రిప్పెను.

“వెనక ఏం లేదే?”

“ఏం లేదు సార్. అంతా ఇటువైపే ఉంది.”

ఆయన మరల ముందువైపు చదివి, కాగితమును లెక్కల మాస్టారి చేతికిచ్చి, “పీరియడ్ మీదేనమ్మా,” అని వెడలిపోయెను. లెక్కల మాస్టారు ఆ పేరా చదువుటకు పట్టవలసిన దానికంటె చాలసేపు దానినే చూచుచు నిలిచెను. పిల్లలందరును సంచులెత్తుకొని పరుగుతీసిరి. ఆయన మాత్రము కదలలేదు.

“ఆ అబ్బాయి… చివరికి ఆ కోటు తీస్తాడా మేడమ్?”

“కవితలో చెప్పలేదు మాస్టారూ.”

“అదేంటి? సగంలో వదిలేస్తే ఎలా? ఏదో ఒకటి తేల్చాలి కదా.”

“సోమవారం చివరి పీరియడ్‌కి రండి. అందరం కలిసి చూద్దాం.”

“ఖాళీ ఉంటే వస్తాను,” అని ఆయన కాగితమును జాగ్రత్తగా బల్లపై పెట్టెను.

ఇట్లు ఆంగ్లసాహిత్య సామ్రాజ్ఞి, కాగితమొకటి తిప్పబడకుండ నివారించి, పేరా ఒక్కటి సాధించి, పరీక్షల వరకే చెల్లుబాటగు పీరియడ్‌ను సంపూర్ణముగా పరిపాలించుచు, శత్రుపక్ష మహారథుని వెనుక బెంచీలో విద్యార్థిగా చేర్చుకొని, దిగ్విజయము పొందెను.